ఫోనా, ఆసుపత్రా, కౌన్సెలరా: తమను తాము గాయపరుచుకునేవారు సాయం ఎక్కడ అడగాలి?

ఇప్పుడు గాయం పెద్దదై ఉన్నా, ఒంట్లోకి ప్రమాదకరమైనదేదైనా వెళ్లినా, ఈ రాత్రి గడవదేమో అనిపిస్తున్నా ఈ పోలికలన్నీ పక్కన పెట్టండి. 108కో 112కో ఫోన్ చేయండి, ఇంట్లో ఎవరుంటే వాళ్లను లేపండి. మాట్లాడటానికి ఒక మనిషి కావాలంటే టెలిమానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14416కు చేయండి. అర్ధరాత్రి అయినా తీస్తారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు.

కాస్త వ్యవధి ఉన్నవారి కోసం, లేదా తమ బిడ్డనో స్నేహితురాలినో ఎటు తీసుకెళ్లాలో తేలనివారి కోసం మిగతాది రాస్తున్నాను.

## దేన్ని చూసి ఎంచుకోవాలి

సాయం కోసం వెతికేవాళ్లు పైకి అడిగేది "మంచి డాక్టర్ ఎవరు?" అని. లోపల తిరిగే ప్రశ్న వేరు: "ఇది ఎవరెవరికి తెలుస్తుంది?" అమ్మకు తెలుస్తుందా, వార్డెన్‌కు తెలుస్తుందా, రేపు పెళ్లి సంబంధం వచ్చినప్పుడు ఎవరైనా ఈ మాట ఎత్తుతారా, పోలీసులు వస్తారా. ఈ భయాన్ని చిన్నబుచ్చే సలహాలే ఎక్కువ కనిపిస్తాయి. నా లెక్కలో మాత్రం మొదట చూడాల్సింది అదే. గుట్టు దాగుతుందన్న నమ్మకం లేని చోటికి ఎవరూ రెండోసారి వెళ్లరు, ఒక్కసారి వెళ్లి వస్తే తగ్గే సమస్య కాదిది.

ఆ తర్వాత చూడాల్సింది మళ్లీ అదే మనిషి దొరుకుతారా అన్నది. ప్రతిసారీ కొత్తవాళ్లకు కథంతా మొదటినుంచి చెప్పాల్సి వస్తే మూడోసారికి ఎవరికైనా విసుగొస్తుంది. ఎంత త్వరగా దొరుకుతుంది, ఎంత ఖర్చు అన్నవి ఎలాగూ చూస్తారు. భాష సంగతి మాత్రం చాలామందికి తట్టదు. ఇంగ్లిష్‌లో చదువుకున్న పిల్లలు కూడా ఏడుపొచ్చేసరికి తెలుగులోకి వస్తారు. హైదరాబాద్‌లో పేరున్న క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ దొరికాక, అక్కడి సైకాలజిస్ట్‌కు తెలుగు రాదని గదిలోకి వెళ్లాక తెలియడం ఎందుకు? ఫోన్‌లోనే అడగండి.

ఇంకొకటి కూడా తెలిసుండాలి. తమను తాము గాయపరుచుకునేవారిలో చాలామంది చచ్చిపోవాలని ఆ పని చేయరు. భరించలేని బాధనో, కోపాన్నో, ఏమీ అనిపించని మొద్దుతనాన్నో కాసేపు తట్టుకోవడానికి చేస్తారు. ఎక్కువమందిలో ఇది టీనేజ్‌లోనే మొదలవుతుంది. "అందరూ తనను చూడాలని చేస్తోంది" అనే మాట ఇక్కడ అతకదు, ఎందుకంటే ఎక్కువమంది దీన్ని దాచిపెట్టడానికే తంటాలు పడతారు. అలాగని తేలిగ్గానూ తీసుకోకూడదు. ఇది పదేపదే జరిగేవారిలో మున్ముందు ఆత్మహత్య ముప్పు మిగతావారికంటే ఎక్కువ. అందుకే "చచ్చిపోవాలని లేదు కదా, నాకు డాక్టరెందుకు?" అనే లెక్క సరికాదు.

## ఒక్క చూపులో

| దారి | ఎంత త్వరగా | ఎవరికి తెలుస్తుంది | మళ్లీ అదే మనిషేనా | ఖర్చు |
|---|---|---|---|---|
| టెలిమానస్ 14416 | వెంటనే, ఏ వేళైనా | పేరు చెప్పనక్కర్లేదు | ఖాయం కాదు | ఉచితం |
| వాలంటీర్ల హెల్ప్‌లైన్ | వాళ్ల వేళల్లో | పేరు అడగరు | ఖాయం కాదు | మామూలు కాల్ ఖర్చు |
| ప్రభుత్వాసుపత్రి సైకియాట్రీ ఓపీ | అదే రోజు, క్యూలో | చీటీ మీద పేరుంటుంది, వివరాలు గోప్యం | డాక్టర్లు మారుతుంటారు | దాదాపు ఏమీ ఉండదు |
| ప్రైవేట్ సైకియాట్రిస్ట్ | కొద్ది రోజుల్లో | క్లినిక్ వరకే | అవును | ఫీజు, మందులు |
| క్లినికల్ సైకాలజిస్ట్ | ఆగాల్సి రావచ్చు | ఆ గది వరకే, రెండు మినహాయింపులతో | అవును | ఎక్కువ, వారం వారం |
| కాలేజీ కౌన్సెలర్ | ఉంటే వెంటనే | ముందే అడగాలి | అవును | ఉచితం |

## ఫోన్: మొదటి మాటకు

టెలిమానస్ కేంద్ర ప్రభుత్వ సేవ, 2022 అక్టోబర్ 10న మొదలైంది. నంబర్లు 14416, 1800-891-4416. ఫోన్ చేయగానే భాష అడుగుతుంది, తెలుగు ఎంచుకుంటే కౌన్సెలర్ వస్తారు. అవసరమనిపిస్తే వాళ్లే సైకియాట్రిస్ట్‌తో మాట్లాడిస్తారు, దగ్గర్లోని ఆసుపత్రి ఎక్కడుందో చెబుతారు. ఇంటర్ ఫలితాల రోజుల్లో పేపర్లలో కనిపించే నంబర్ ఇదే కాబట్టి ఇది పిల్లల కోసమే అనుకుంటారు కొందరు. ఏ వయసువారైనా చేయొచ్చు.

హైదరాబాద్‌లో రోష్ని అనే స్వచ్ఛంద సంస్థ 1997 నుంచి పనిచేస్తోంది (040-66202000). అక్కడ ఫోన్ తీసేది శిక్షణ పొందిన వాలంటీర్లు. సలహాలివ్వరు, తీర్పులు చెప్పరు, వింటారు. అది 24 గంటలూ ఉండే లైన్ కాదు. ఉపాయాలు విని విని అలిసిపోయినవాళ్లకు రోష్ని, తర్వాత ఎక్కడికెళ్లాలో తెలియాల్సినవాళ్లకు టెలిమానస్ నయం. 18 ఏళ్లలోపు పిల్లలకు 1098 కూడా ఉంది. ఇంట్లోనే కొడుతున్నా, ఎవరైనా చెడుగా ప్రవర్తిస్తున్నా దానికే ముందు చేయాలి.

ఫోన్‌తో చిక్కు ఒకటే. ఈ గంట గడవడానికి బాగా పనికొస్తుంది, అలవాటు మానడానికి చాలదు. నెలల తరబడి జరుగుతున్నదానికి హెల్ప్‌లైన్ ఒక్కటే దిక్కు అనుకోకండి. మొదటి కాల్‌లో ఎత్తిన మనిషి సరిగ్గా వినలేదనిపిస్తే పెట్టేసి మళ్లీ చేయండి, ఇంకొకరు తీస్తారు.

## ప్రభుత్వాసుపత్రి: పేరు మీద భయం, పనిలో కాదు

"ఎర్రగడ్డకు తీసుకెళ్లాలి వీణ్ని" అన్న వెటకారం వినని తెలంగాణవాళ్లు ఉండరు. విశాఖ వైపు అదే మాటకు చినవాల్తేరు పేరు వాడతారు. ఎర్రగడ్డలో ఉన్నది ప్రభుత్వ మానసిక వైద్యశాల. నిద్ర పట్టనివాళ్లు, టెన్షన్‌తో గుండె దడ వచ్చేవాళ్లు, పరీక్షలంటే వణికే పిల్లలు అక్కడి ఓపీకి వచ్చి చూపించుకుని మందులు తీసుకుని సాయంత్రానికి ఇంటికెళ్లిపోతారు. ఓపీకి వెళ్తే అడ్మిట్ చేసేసుకుంటారన్న భయం అక్కర్లేదు.

అయినా ఆ గేటు దాటడానికి కాళ్లు రాకపోతే వేరే దారి ఉంది. సికింద్రాబాద్ గాంధీ, గుంటూరు జీజీహెచ్, బీబీనగర్, మంగళగిరి ఎయిమ్స్‌ల వంటి పెద్దాసుపత్రుల్లో మిగతా విభాగాల్లాగే సైకియాట్రీ కూడా ఒక ఓపీ గది. మీరు కంటికి వెళ్లారో, మోకాలికి వెళ్లారో, దీనికి వెళ్లారో బయట చూసేవాడికి తెలియదు. ఎవరికి తెలుస్తుందన్న లెక్కలో చూస్తే పేరున్న మానసిక ఆసుపత్రికంటే ఇదే మేలు.

లోటు సమయానిది. పొద్దున్నే వెళ్లి వరుసలో కూర్చుంటే లోపల దొరికేది కొద్ది నిమిషాలే. పీజీ చదువుతున్న డాక్టర్ ముందు కాస్త వివరంగా అడుగుతారు, అసలు విషయం అక్కడే చెప్పేయండి. తర్వాత పెద్ద డాక్టర్ దగ్గర చెబుదామని దాచుకుంటే ఆ సందు దొరక్కపోవచ్చు.

### పోలీసుల సంగతి

గాయంతో క్యాజువాలిటీకి వెళ్తే ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) అని రాసుకోవచ్చు, స్టేషన్‌కు సమాచారం వెళ్లవచ్చు. దాన్ని కేసు పెట్టడమనుకుని ఇంటివాళ్లు "బాత్రూమ్‌లో జారి పడింది" అని చెబుతారు. ఆ అబద్ధంతో గాయానికి కట్టు పడుతుంది గానీ సైకియాట్రీ డాక్టర్‌ను ఎవరూ పిలవరు. అసలు వైద్యం అక్కడే తప్పిపోతుంది.

చట్టం ఇప్పుడు మీవైపే ఉంది. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, ప్రభుత్వం వైద్యం అందించాలి. 2024 జూలై 1న ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత 309వ సెక్షన్ అలాగే లేదు. ప్రభుత్వోద్యోగి విధుల్ని అడ్డుకోవడానికి, లేదా వారిని ఒత్తిడి చేయడానికి చేసే ప్రయత్నమే నేరంగా మిగిలింది. చచ్చిపోవాలన్న ఉద్దేశం లేకుండా జరిగే గాయాలు ఆ 309 కిందికి ముందూ రాలేదు. మానసిక చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం అదే 2017 చట్టంలో మీకున్న హక్కు.

## ప్రైవేట్: సైకియాట్రిస్టా, సైకాలజిస్టా?

ఎక్కువమంది గందరగోళపడేది ఇక్కడే. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టర్, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు, మాటలతో, అభ్యాసాలతో చికిత్స చేస్తారు. వీళ్లకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబర్ అడగడంలో మొహమాటం అక్కర్లేదు. ఉత్త "కౌన్సెలర్", "హీలర్", "లైఫ్ కోచ్" అన్న బోర్డులు ఎవరైనా పెట్టుకోవచ్చు. వాళ్లలో మంచివాళ్లు లేరనను. కానీ గాయాల దాకా వెళ్లిన సమస్యను చదువేమిటో తెలియని మనిషి చేతిలో పెట్టకండి.

మన ఇళ్లలో డాక్టర్ దగ్గరికి వెళ్లామంటే మాత్ర రాయాలి. రాయకపోతే ఫీజు దండగ అనుకుంటారు. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2022లో చెప్పింది దీనికి భిన్నం: గాయపరుచుకోవడాన్ని ఆపడానికంటూ మందు ఇవ్వొద్దని, ఆ మనిషికి తగినట్టు మలిచిన మాటల చికిత్స ఇవ్వమని. మందులు వృథా అని దీని అర్థం కాదు. వెనక డిప్రెషనో, తీవ్రమైన ఆందోళనో ఉంటే మందులు చాలా సాయపడతాయి, పని చూపించడానికి కొన్ని వారాలు పడుతుంది. పాతికేళ్లలోపువారిలో డిప్రెషన్ మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో చావు ఆలోచనలు పెరిగే అవకాశం కొద్దిగా ఉంది కాబట్టి ఇంట్లో ఒకరు దగ్గరుండి గమనించాలి. అలా అనిపిస్తే మందు సొంతంగా ఆపేయకుండా వెంటనే డాక్టర్‌కు చెప్పాలి.

మాటల చికిత్సల్లో ఈ సమస్యకోసమే పేరుపడింది డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ). దాన్ని రూపొందించిన అమెరికన్ సైకాలజిస్ట్ మార్షా లినహన్, యవ్వనంలో తానూ ఇదే బాధ పడ్డానని 2011లో బయటికి చెప్పారు. బాధ ముంచుకొచ్చే ఆ కొద్ది నిమిషాలు ఎలా దాటాలి, కోపం వచ్చినప్పుడు ఎదుటివారితో ఏమనాలి అన్నవి ఒక్కో నైపుణ్యంగా నేర్పిస్తారు. పూర్తి డీబీటీ కార్యక్రమాలు మన ఊళ్లలో అరుదు, ఖర్చూ ఎక్కువే. పూర్తిగా దొరక్కపోయినా "ఈ పద్ధతిలో శిక్షణ ఉందా, సీబీటీ (ఆలోచనల్ని, అలవాట్లను మార్చే మాటల చికిత్స) చేస్తారా?" అని అడిగితే ఎవరి దగ్గరికెళ్లాలో కొంత తేలిపోతుంది.

డబ్బు ఒకరికే సరిపోతే? నిద్ర, తిండి పోయినా, మంచం దిగలేకపోతున్నా, చావు ఆలోచనలు వస్తున్నా సైకియాట్రిస్ట్ ముందు. రోజువారీ పనులు చేసుకుంటూనే బాధొచ్చినప్పుడల్లా ఇదే దారి పడుతున్నవారికి సైకాలజిస్ట్ ముందు. ప్రభుత్వ ఓపీలో మందులు, నెలకో రెండుసార్లు ప్రైవేట్ సైకాలజిస్ట్ అన్నది కూడా మధ్యతరగతికి అందే పద్ధతే. ఆరోగ్య బీమా ఉంటే ఓసారి చూసుకోండి. మానసిక అనారోగ్యానికీ శారీరక అనారోగ్యంతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 చట్టం చెబుతోంది. మామూలు పాలసీల్లో ఓపీ ఫీజులు ఎలాగూ రావు, అడ్మిషన్ అయితేనే ఉపయోగం.

పట్టికలో రెండు మినహాయింపులన్నాను. మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పుందని తేలితే సైకాలజిస్ట్ ఇంట్లో ఒకరికి చెబుతారు. 18 ఏళ్లలోపు వారిపై లైంగిక హింస జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయక తప్పదు. మొదటి రోజే "నేను చెప్పింది ఏయే సందర్భాల్లో బయటికి వెళ్తుంది?" అని అడగండి. సూటిగా జవాబిచ్చే మనిషి దగ్గర కూర్చోవచ్చు.

## మీ పరిస్థితికి ఏది?

హాస్టల్లో ఉన్న ఇంటర్, నీట్ విద్యార్థి. హెల్ప్‌లైన్ నంబర్ గోడమీద ఉంటుంది, ఫోన్ మాత్రం వార్డెన్ దగ్గర ఉంటుంది. కాబట్టి ఇక్కడ మొదటి దారి ఒక మనిషే కావాలి: మార్కుల గురించి కాకుండా మీ గురించి అడిగే లెక్చరరో, వారానికోసారి ఫోన్ చేయనిచ్చినప్పుడు మాట్లాడే అక్కో, బాబాయో. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న విద్యార్థిని మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు విద్యాసంస్థలకు మార్గదర్శకాలిచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో ఉండాలంది. మీ కాలేజీలో ఉన్నారా అని అడిగే హక్కు మీకూ మీ అమ్మానాన్నలకూ ఉంది. ఉంటే, ప్రిన్సిపాల్‌కు ఏం చేరవేస్తారో ముందు తేల్చుకోండి. యాజమాన్యం మనిషిలా మాట్లాడితే బయటి డాక్టరే మేలు.

అత్తారింట్లో ఉండి ఫోన్ కూడా ఇంకొకరితో పంచుకునే ఇల్లాలు. కాల్ హిస్టరీ భయం నిజమైనదే. పిల్లాడికి టీకాకో, తనకు నీరసమనో ఆసుపత్రికి వెళ్లే రోజు వాడుకోవచ్చు. ఏఎన్ఎంకో డ్యూటీ డాక్టర్‌కో ఒంటరిగా ఒక్క ముక్క చెబితే సైకియాట్రీకి రాసిస్తారు. ఇంట్లో హింస ఉంటే మహిళల హెల్ప్‌లైన్ 181, హింసకు గురైన మహిళలకు సాయపడే సఖి కేంద్రం. అలాంటప్పుడు "నీ ఆలోచన మార్చుకో" అని మాత్రమే చెప్పే కౌన్సెలింగ్ పనికిరాదు, ఆమెకు ముందు భద్రత కావాలి.

ఉద్యోగస్తులు. చాలా ఐటీ కంపెనీలు బయటి సంస్థ ద్వారా ఉచిత కౌన్సెలింగ్ ఇస్తాయి. కొద్ది సెషన్లకే పరిమితం, మొదలుపెట్టడానికి చాలు. హెచ్ఆర్ భయం పీడిస్తుంటే ఆ సెషన్లు వదిలేసి సొంతంగా ఆన్‌లైన్ సైకాలజిస్ట్‌ను చూసుకోండి. తలుపేసుకుని మాట్లాడే గది మాత్రం ఉండాలి. పీజీ రూమ్‌లో ముగ్గురి మధ్య హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఈ మాటలు నోట రావు. ఏఐ చాట్‌బాట్‌తో మాట్లాడి ఊరట పడేవాళ్లూ ఉన్నారు. డాక్టర్‌కు ఏం చెప్పాలో రాసుకోవడానికి వాడుకోండి, డాక్టర్ బదులు కాదు.

అమెరికా, బ్రిటన్‌లలోని మన విద్యార్థులు. అమెరికాలో 988, 2022 జూలై నుంచి ఉంది, మెసేజ్ కూడా చేయొచ్చు, కెనడాలోనూ అదే నంబర్. బ్రిటన్‌లో సమారిటన్స్ 116 123, ఇంగ్లండ్, వేల్స్‌లో అయితే 111కు చేసి 2 నొక్కినా సరే. ఆస్ట్రేలియాలో 13 11 14. యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్ చాలాచోట్ల ఉచితం. ఇండియాలో ఉన్న అమ్మకు చెప్పి ఆమె నిద్ర పాడుచేయడమెందుకని ఊరుకునేవారికి అదే తగిన చోటు.

## తల్లిదండ్రులైతే

తెలియగానే చాలా ఇళ్లలో జరిగేది ఒట్టు. "నా మీద ఒట్టేయి, ఇంకెప్పుడూ చేయనని." బిడ్డ వేస్తుంది. మళ్లీ బాధ ముంచుకొచ్చిన రోజు ఆ ఒట్టు తప్పుతుంది, అప్పుడు గాయంతోపాటు అమ్మ ప్రాణానికి కీడు తెచ్చానన్న భయం కూడా మోస్తుంది, ఇంకా లోతుగా దాస్తుంది. ఒట్టు బదులు "అలా అనిపించినప్పుడు ఏ టైమైనా నన్ను లేపు, తిట్టను" అనండి. తిట్టకుండా ఉండటం తర్వాత మీ పని. రోజూ ఒళ్లు తనిఖీ చేయకండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి, అడిగితే ఆ ఆలోచన పుట్టదు. మాత్రలు, పొలం మందులు తాళంలో పెట్టండి. గుడికో దర్గాకో వెళ్తే మనసు కుదుటపడుతుందంటే వెళ్లండి, డాక్టర్ అపాయింట్‌మెంట్ రోజు మాత్రం వదలొద్దు. డాక్టర్ గదిలో కాసేపు మీరు బయటికి వెళ్లాలి. పిలవకముందే లేచి వెళ్తే బిడ్డ గమనిస్తుంది.

## మొదటి రోజు ఏం చెప్పాలి, నచ్చకపోతే ఏం చేయాలి

ఎక్కడికి వెళ్లినా మొదటి వాక్యమే గొంతులో అడ్డం పడుతుంది. కాగితం మీద రాసి చేతికిచ్చినా చాలు: "బాధ ఎక్కువైనప్పుడు నన్ను నేను గాయపరుచుకుంటున్నాను. ఆపలేకపోతున్నాను. చచ్చిపోవాలన్న ఆలోచన ఉంది" లేదా "లేదు". ఎప్పటినుంచి, ఈమధ్య ఎంత తరచుగా, ఏం జరిగినప్పుడు, నిద్ర ఎలా ఉంది అన్నవి డాక్టర్లు ఎలాగూ అడుగుతారు. గాయాలు చూపించాల్సిన పనిలేదు, మానాల్సిన గాయం ఉంటే తప్ప.

కొందరు డాక్టర్లు తిడతారు. "మీ అమ్మానాన్నల ముఖం చూడు" అని క్లాసు పీకేవాళ్లూ ఉన్నారు. అది ఆ మనిషి లోపం, దాన్ని చూసి మొత్తం వైద్యాన్నే వదిలేయకండి. మొదటి సెషన్‌లో ఇబ్బందిగా ఉండటం మామూలే. తిట్టినా, ఎగతాళి చేసినా, అడగకుండా ఇంట్లో చెప్పేసినా వెంటనే మారండి. మిగతా సందర్భాల్లో రెండు మూడుసార్లు చూసి నిర్ణయించుకోండి. మారేటప్పుడు పాత ప్రిస్క్రిప్షన్లు తీసుకెళ్లండి, కొత్త డాక్టర్ చెప్పేదాకా మందులు ఆపకండి, పాతచోట ఏది పడలేదో మొదటే చెప్పండి. అపాయింట్‌మెంట్ మధ్యలో వారం ఖాళీ వస్తే ఆ వారానికి 14416 ఉంది.